పోయొస్త అనాలె

త్రివేణి తిరుపతి బ్యాగు సర్దుతోంది. రెండు స్వెటర్లు, చెవులు కప్పే టోపీ, ఉన్ని తూచే చిన్న కాటా. కాటా అడుగున శాటిలైట్ ఫోన్.

నాచారంలో మూతపడ్డ దారం మిల్లు పై అంతస్తే వాళ్ల సీక్రెట్ ఆఫీసు. ఏజెంట్ తిరుపతి కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు.

"మిషన్ మల్లోసారి చెప్పు," అంది త్రివేణి. ఆమె అతని ఆఫీసర్.

"హిమాలయాల్ల లోయ. ఏడు ఊర్లు. పైన మంచు సరస్సు. దాని కట్టను విదేశీ ముఠా పేల్చాలని సూస్తుంది. కనుమ మూసుకుంటే ఆర్నెల్లు ఎవ్వరు బయటికి రాలేరు. నేను ఉన్ని కొనేటోన్ని. మా తాత గొర్లు కాసిండు, గిది యాక్టింగే కాదక్కా."

"కోడ్?"

"'పోయొస్త' అంటే ఫికర్ లేదు. 'పోతున్న' అంటే శత్రువు పక్కనే ఉన్నట్టు. నువ్వు ఈడికెల్లి బాంబు సిగ్నల్ ఆపే జామర్ నొక్కాలె, హెలికాప్టర్ పంపాలె."

కోడ్ త్రివేణిదే. బయల్దేరే మనిషి 'పోతున్న' అని పొరపాటున కూడా అనడు. అందుకే ఎంచుకుంది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అందరు మిద్దెల మీద గడ్డి పేర్చిన్రు, గొర్లను కింది అర్రల్ల కట్టేసిన్రు. కనుమల మంచు వడ్డదక్కా. కామాక్షి మేడం నన్ను సరస్సు కాడికి తీస్కపోతుంది."

కామాక్షి గైడ్. ఎర్ర జాకెట్, నల్ల కళ్లద్దాలు, ఎనిమిదేళ్లుగా డిపార్ట్‌మెంట్ నమ్మిన మనిషి.

"మరి... పోతున్న అక్కా."

త్రివేణి నోరు దానంతటదే కదిలింది. "పోతున్న అనొద్దు తమ్మీ. పోయొస్త అనాలె."

అవతల గాలి హోరు. తర్వాత ఆడగొంతు నవ్వింది. "ఒక్క మాటకి ఇంత పట్టింపా? అక్క చెప్పినట్టే అను, తిరుపతీ."

"పోయొస్త అక్కా."

లైన్ కట్టయింది. అప్పుడు వెలిగింది ఆమెకు. జామర్ నొక్కింది. సిగ్నల్ తెగి, పేలుడు టైమర్ రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది. ఏడు ఊర్లూ బతికాయి. హెలికాప్టర్ చేరేసరికి కట్ట మీద కాటా ఒక్కటే ఉంది.

కామాక్షి కనుమ దగ్గర దొరికింది. ఇంటరాగేషన్‌లో ఒకటే చెప్పింది: "ఆమె దిద్దకపోతే అది కోడ్ అని నాకు తెలిసేది కాదు."

ఉప్పల్‌లో త్రివేణికి సన్మానం చేసి శాలువా కప్పారు. తిరుపతి అయితే ముట్టుకుని, ఉన్ని కల్తీది అనేవాడు.

పీర్జాదిగూడలో అతని భార్య సంతోషి అడిగింది. "ఆఖరికి ఏమన్నడు మేడం?"

"పోయొస్త అన్నడు," చెప్పింది త్రివేణి. తల ఎత్తలేదు.

తిరుపతి తిరిగి రాలేదు. అతని ఆఖరి ఫోన్: 2023 నవంబరు తొమ్మిది, మధ్యాహ్నం రెండూ పది.