ఇస్త్రీ బల్ల మీద గుడి

మధ్యాహ్నం పన్నెండులోపు గూఢచారి వసీమ్ చేయాల్సిన పనులు: లాండ్రీ మనిషి వేషంలో, అరబ్బు దేశపు రుమైథియా పేటలోని విల్లాకు వెళ్లడం. కోడ్ చెప్పడం. పనిమనిషి అమీర్‌బీ దగ్గర నెగటివ్ తీసుకోవడం. పోర్టులో కస్టమ్స్ ఆఫీసర్‌కు అందించడం. అమీర్‌బీని క్షేమంగా వెంట తీసుకుపోవడం.

నూట డెబ్బై ఏళ్ల కిందట ఎవరో ఈజిప్టు గుడి గోడను మైనం పట్టించిన కాగితం మీద ఫొటో తీశారు. ఆ గోడలోంచి ఊడబెరికిన శిల్పం పన్నెండింటికి కంటైనర్‌లో దేశం దాటబోతోంది. అది దొంగసొత్తని నిరూపించేది ఆ కాగితం నెగటివ్ ఒక్కటే. అమీర్‌బీ 'మామా' అని పిలిచే విల్లా యజమానురాలే ఆ ముఠా నాయకురాలు.

వెనక గదిలో అమీర్‌బీ దిష్‌దాషా, అదే అరబ్బుల పొడవాటి తెల్ల చొక్కా, ఇస్త్రీ చేస్తోంది.

"గంజి ఎక్కువైందా?" అన్నాడు వసీమ్.

"మామాకు గంజి పడదు."

కోడ్‌కు జవాబు అతని వీపు వెనక నుంచి వచ్చింది. ఇఫ్ఫత్! మామా సెక్రటరీగా ఢిల్లీ నాటిన ఏజెంట్. మెరిసే అబాయా, ఘాటైన అత్తరు, సైలెన్సర్ పిస్టల్.

"నువ్వు మా మనిషివి కదా!"

"పొద్దుగాల దాకా మీ దిక్కే ఉన్న భయ్యా. కాయితం ఏడుంది?"

వసీమ్ జేబులు, బట్టల బుట్ట తిరగేసింది. దొరకలేదు.

"ఏమే, నీ ఇఖామా ఖలాస్ చేపిచ్చి దేశం ఎల్లగొట్టియ్యాల్నా?"

అమీర్‌బీ చెయ్యి ఆపలేదు. "నాకేం తెల్సు మేడమ్? ఇది మాడితే తిట్లు నువ్వు తింటావా?"

అప్పుడు చూశాడు వసీమ్. దిష్‌దాషా కింద గోధుమరంగు కాగితం అంచు! దాని మీదే కాలే పెట్టె నడుస్తోంది. గదిలో సన్నగా మైనం వాసన. ఇఫ్ఫత్‌కు తెలియకుండా ఆమె అత్తరే దాన్ని కప్పేసింది.

"ఇఫ్ఫత్! యల్లా!" లోపలి నుంచి మామా కేక.

"నేనొచ్చేదాంక పెట్టె సప్పుడు ఇనవడాలె. ఆగిందో, ఇద్దర్నీ కాలుస్త." వెళ్లింది.

అమీర్‌బీ దిష్‌దాషాను కాగితంతో సహా మడిచి అతని చేతిలో పెట్టింది. "బిరీన పో అన్నా."

"నువ్వూ రా!"

"ఇద్దరం పోతే సప్పుడెవురు చేస్తారు?"

ఉత్త బల్ల మీద పెట్టె బుస్సుమంది.

పదకొండూ యాభై ఎనిమిదికి పోర్టులో మడత విప్పాడు. కాగితం మాడలేదు. పాత మైనం కరిగి సమంగా పరుచుకుని, స్తంభాలు అద్దంలోలా తేలాయి. ఆనాటి ఫొటోగ్రాఫర్లూ ఇలాగే ఇస్త్రీ పెట్టెతో మైనం పట్టించేవారని ఆఫీసర్ చెప్పాడు. శిల్పం విరిగిన మూల ఫొటోతో సరిపోయింది. కంటైనర్ ఆగింది.

విల్లాకు పోలీసులు వెళ్లేసరికి పెట్టె ఇంకా వేడిగానే ఉంది. మనుషులే లేరు. అమీర్‌బీ కూడా.

రిపోర్టులో అమీర్‌బీ వృత్తి దగ్గర వసీమ్ 'ఫొటోగ్రాఫర్' అని రాశాడు. పైవాళ్లు కొట్టేశారు. మీరైనా, ఇస్త్రీ బట్ట మడత విప్పేటప్పుడు రాయచోటి అమీర్‌బీని ఒక్కసారి తలుచుకోండి.