బర్బూర్ గొంతు

అమ్మాన్ కొండల మీద పొద్దుటి ఎండ ఇంకా పాలలా పల్చగా ఉంది. తల్లి సుహాద్ జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టె మాడ్చేసి, ఏమీ ఎరగనట్టు తిరగేసింది. ఏదో దాస్తోందని పెద్దకూతురు తుకాకి అర్థమైంది.

చెల్లెలు మయార్ టీవీలో బర్బూర్ అనే మేకపిల్ల బొమ్మల కథ చూస్తోంది. ఆ మేకపిల్లకి గొంతు తుకాదే. మొదటి సీజన్లో తుకాకి ఐదేళ్ళు, 'ర' పలికేది కాదు. అందుకే మేకపిల్ల తన పేరు బల్బూల్ అని చెప్పుకునేది. అప్పట్లో ఆ బొమ్మల్లో కొండ వెనక చంద్రుడు తాపీగా లేచేవాడు. అతను పైకి వచ్చేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు. పిల్లలకి తప్పులు నేర్పుతున్నారని పెద్దలు గోల పెడితే రెండో సీజన్లో 'ర' వచ్చింది. మూడోదాంట్లో బడి వచ్చింది, పాటలు వచ్చాయి, చంద్రుడికి తీరిక లేకుండా పోయింది. తుకాకి పదమూడేళ్ళు నిండాయి, గొంతు బొంగురుపోతోంది. బర్బూర్‌కి మాత్రం ఇంకా నాలుగే.

"ఈసారి బర్బూర్ మాటలు మయార్ చేత చెప్పిస్తారట," అంది సుహాద్, పొయ్యి వైపే చూస్తూ.

"నీకెప్పుడు తెలిసింది?"

"వారమైంది."

"వారం నుంచీ గొంతు బాగవుతుందని ఆకు కషాయాలు తాగించావు కదమ్మా."

"అది జబ్బు కాదు తల్లీ. పెద్దదానివవుతున్నావు."

"బడిలో నన్ను పలకరించేది బర్బూర్ కోసమే. ఇక నేనెవర్ని?"

సుహాద్ దగ్గరికి తీసుకోబోతే తుకా చూపు తిప్పేసుకుంది.

మయార్‌కి చదవడం రాదు. స్టూడియోలో తల్లి అద్దం అవతల నుంచి ఒక్కో మాటా అందిస్తుంటే పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. రికార్డు చేసేవాళ్ళు 'మళ్ళీ, మళ్ళీ' అనేసరికి ఏడుపు మొదలుపెట్టి, అక్క కావాలంది. వరండాలో ముడుచుకుని కూర్చున్న తుకా కదలకూడదనే అనుకుంది. కానీ ఆ ఏడుపు వింటూ కూర్చోలేకపోయింది.

లోపలికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని చెల్లెలి చెవిలో చెప్పింది. "కళ్ళు మూసుకో. కొండ మీదున్నావు. చలేస్తోంది. అమ్మ కనబడట్లేదు. ఇప్పుడు అడుగు."

"చంద్రుడా, మా అమ్మని చూశావా?" అంది మయార్.

ఎవరూ 'మళ్ళీ' అనలేదు. ఎక్కడో చంద్రుడు తాపీగా లేస్తున్నట్టే అనిపించింది.

"ఇప్పుడు నేనేనా బర్బూర్?"

"నువ్వే."

"మరి నువ్వో?"

తుకా చెల్లెలి చెంపలు తుడిచింది.

"నేను మీ అక్కని."

మైకు ఇంకా తెరిచే ఉంది. బొంగురుపోయిన ఆ గొంతు అందరికీ వినిపించింది. అద్దం అవతల సుహాద్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఈసారి తుకా చూపు తిప్పుకోలేదు.