ఏడో డబ్బా

“మూడేళ్ల కష్టం మట్టిపాలు చేశారు మీరు!” అంటూ ఆమె ప్రింటవుట్ల కట్ట తెచ్చి అతని బల్ల మీద పడేసింది.

అతను సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి తలెత్తాడు. ఆ లాబ్‌లో రేడియో డబ్బాలు తయారుచేసే టెక్నీషియన్ అతను. పొద్దస్తమానం తీగలు అతికిస్తుంటాడని అందరూ టంకం అని పిలుస్తారు. ఆమె ఆ డబ్బాల మీద థీసిస్ రాస్తున్న అమ్మాయి. కోపం వస్తే ముక్కు కొస ఎర్రబడుతుంది. ఇవాళ చెవులు కూడా ఎర్రబడ్డాయి.

ఆమె పని చెప్పుకుంటే తేలికే. టవర్ ఉండదు, వైరు ఉండదు. మనుషులు డబ్బాలు పట్టుకుని తిరుగుతుంటారు. ఒక డబ్బా పంపిన కబురు దగ్గర్లో ఉన్న డబ్బా అందుకుని తర్వాతి దానికి అందిస్తుంది. గ్రూపులో ఉన్నవాళ్లకే అది తెర మీద కనిపించాలి. పంపేది ఒక్కసారే, దారి చీలిన చోట మాత్రమే కాపీ. మనుషులు కదిలితే దారి తెగుతుంది. ఊరందర్నీ లేపకుండా కొత్త దారి వెతుక్కోవడం ఆమె కనిపెట్టిన పద్ధతి.

“నాలుగో డబ్బా నాది. ఏడోది మీది. నిన్నటి ప్రయోగంలో మూడు గంటలపాటు ఈ రెండింటి మధ్య దారి ఒక్కసారైనా తెగలేదు! మా గైడు గారు ఏమన్నారో తెలుసా? ఇది ప్రయోగమా, ఊరేగింపా అన్నారు.”

“తెగకపోవడం మంచిదే కదండీ?”

“తెగని దారిని అతికించానంటే ఎవరు నమ్ముతారు? సోమవారంలోగా సరైన లెక్కలు ఇవ్వకపోతే థీసిస్ వెనక్కే. ఎవరెక్కడికి నడవాలో స్లిప్పులు రాసిచ్చాను కదా, మీ స్లిప్పులో ఎక్కడికి నడవమని ఉంది?”

“వాటర్ ట్యాంకు దగ్గరికి.”

“ఎప్పుడు చేరారు?”

“బయల్దేరానండీ,” అన్నాడు.

“మరి నా వెనకెందుకు తిరిగారు?”

“మీ డబ్బాలో బ్యాటరీ తీగ లూజుగా ఉంది. ఊడితే అతికిద్దామని...”

“మైదానంలో ఐరన్‌కి కరెంటు ఎక్కడ పెట్టేవారు?”

అబద్ధమాడేవాడు కాస్త ముందే ఆలోచించుకోవాలి. టంకానికి ఆ అలవాటు లేదు.

“రేపు మళ్లీ చేస్తున్నాం. ఈసారి నా కంటికి కనబడకండి,” అని ఆమె వెళ్లిపోయింది. వెళ్తూ తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. అది చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు పొద్దున పన్నెండుమంది డబ్బాలు తీసుకున్నారు. తొమ్మిదోది ఆమె బాబాయిది. రిటైరైన బస్సు డ్రైవరు. స్లిప్పులో పది గంటల పది నిమిషాలకు క్యాంటీన్ మలుపు అని ఉంటే ఆ నిమిషానికే అక్కడుంటాడు.

టంకం ఈసారి నేరుగా వాటర్ ట్యాంకు వైపు నడిచాడు. క్యాంటీన్ దాటాడు, సైకిల్ షెడ్డు దాటాడు. ఆమె తెర మీద ఏడో నంబరు కాసేపు మిణుకుమని ఆరిపోయింది.

దారి తెగింది. ఆమె కోరుకున్నది అదే. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి సైకిల్ షెడ్డు వైపు తల తిప్పింది. రెండేళ్లుగా తల తిప్పితే కనబడే మనిషి ఇవాళ లేడు. పొమ్మన్నది తనే.

“ఎంతసేపు?” గైడు గారు ఆమె పక్కనే నిలబడి వాచీ చూస్తున్నారు.

ఆమె తెర వైపే చూస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది సెకన్లు, పది, పదకొండు. ఉన్నట్టుండి ఏడో నంబరు వెలిగింది. కొత్త దారి క్యాంటీన్ మలుపు మీదుగా, బాబాయి డబ్బాలోంచి వెళ్లింది.

“పన్నెండు సెకన్లు. మధ్యలో ఒక్క డబ్బానే లేపింది. ఇదీ ప్రయోగమంటే,” అన్నారాయన. “రాసుకో. థీసిస్ సోమవారం నా బల్ల మీద ఉండాలి.”

ఆయన అటు తిరిగారో లేదో చినుకులు మొదలయ్యాయి. అందరూ చెట్ల కిందికి, షెడ్డులోకి పరుగెత్తారు. ఆమె కదల్లేదు. ఒక చేత్తో గొడుగు విప్పి, రెండో చేత్తో కొత్త గ్రూపు ఒకటి తయారుచేసింది. అందులో ఇద్దరే సభ్యులు.

వాటర్ ట్యాంకు కింద తడిసి ముద్దవుతున్న టంకం చేతిలో డబ్బా మోగింది.

“స్లిప్పు చింపెయ్. గొడుగుంది. వచ్చెయ్.”

అతను మైదానం అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లు జారాడు, ఒకసారి పడ్డాడు కూడా.

“బ్యాటరీ తీగ బాగానే ఉందా?” అంది ఆమె, మోకాలి మీద బురద చూస్తూ.

“అది ఎప్పుడూ బాగానే ఉంది. నువ్వు కనబడే చోట ఉండాలనిపించింది, ఉన్నాను. నీ లెక్కలు పాడవుతాయని తట్టలేదు. నువ్వంటే ఇష్టం.”

“ఇవాళ దారి తెగినప్పుడు చాలా భయమేసింది నాకు.”

“ఎంతసేపు?”

“పన్నెండు సెకన్లు.”

అంతలో బాబాయి తడుస్తూ వచ్చి డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. “వాన మొదలయ్యాక కూడా నా డబ్బాలో లైటు వెలిగిందే. ఏదో వెళ్లింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు.”

“మీరు ఆ గ్రూపులో లేరు బాబాయ్.”

బాబాయి ఒక్క గొడుగు కింద ఉన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“బాగుందమ్మా! మోసేది నేను, గ్రూపులో మీరిద్దరూనా? మరి ఈ సంగతి మీ నాన్నకెవరు చేరవేస్తారు?”

ఆమె తల దించుకుంది. “అది కూడా మీ మీదుగానే వెళ్లాలి.”

బాబాయి వాచీ చూసుకున్నాడు.

“ఐదున్నరకు మీ ఇంట్లో ఉంటాను,” అన్నాడు. “ముందు వీడికి ఒక తువ్వాలు చూడు.”