నీలిగట్టు బురుజు మీద అతిథి జెండా

శాలివాహన శకం పదహారువందల డెబ్బై రెండు, ప్రమోదూత సంవత్సర మాఘమాసంలో నీలిగట్టు కోట సేనలను నడిపే దళవాయి బొప్పన సింగమనాయకునికి అన్యాయం జరిగింది. చేసినవారు శత్రువులు మాత్రమే అయితే ఈ కథ చెప్పనక్కరలేదు.

ఆనాటి ఉదయం తూర్పు సముద్రం కరిగించిన వెండిలా మెరుస్తూ, కోటగోడల కింద తెరచాపలు బారులు తీరి, అద్దకపు బట్టల మూటలెత్తే కూలీల కేకలతో రేవంతా హోరెత్తుతూ ఉండగా, సముద్రపు బురుజు మీద రెండు జెండాలు ఎగురుతున్నాయి. ఒకటి రాణి లకుమాంబది. రెండవది పడమటి సముద్రాలకు ఆవలి నుంచి వచ్చిన తెల్లదొరది. రేవుకు వచ్చిన వర్తకుడి జెండాను అతడున్నన్నాళ్లూ రాజపతాకం పక్కన ఎగరనివ్వడం నీలిగట్టు మర్యాద. అరబ్బులు ఎగరేశారు, మలయావారు ఎగరేశారు. వెళ్లేనాడు తామే దించి మడత పెట్టుకుపోయారు. ఈ దొర యాభై రోజులైనా దించలేదు.

సింగమనాయకుడు కొలువులో చేతులు జోడించాడు.

"మహారాణీ, దీవుల నుంచి వచ్చిన నావికులను నేనే విచారించాను. తన పొరుగురాజులు రేవులన్నీ ముందే పట్టుకుపోయారని, తాను వెనకబడ్డానని ఈ దొరల రాజుకు ఉక్రోషమట. అడ్డులేకుండా తమ జెండా ఎక్కడ ఎగిరితే ఆ నేల తమదని రాసుకుంటారట. మనం చేసేది మర్యాద, వాళ్లు రాసుకునేది స్వాధీనం. ఈ పూటే దించమని సెలవివ్వండి."

మంత్రి కేతనామాత్యుడు పకపకా నవ్వాడు. కోట చేతికొస్తే పాలన నీదేనని దొర అతనికి ఆశపెట్టి అప్పటికి నెల. "గుడ్డపీలికను చూసి దడుచుకునే వీరుణ్ణి ఈ కొలువులో ఇప్పుడే చూస్తున్నాను!"

"పీలికే అయితే, దించమంటే తమరికెందుకయ్యా అంత కడుపునొప్పి?"

కొలువు ఘొల్లుమంది. రాణి మాత్రం నవ్వలేదు.

"నాయకా, ఇది మా మామగారి తాతల నాటి మాట. అతిథి జెండా మన చేత్తో దించిన మర్నాడు ఈ రేవుకు ఓడ రాదు. నోరు అదుపులో పెట్టుకోలేకపోతే కత్తి ఇక్కడ పెట్టి ఇంటికి వెళ్లండి."

పెట్టాడు. తెలియనివాళ్లకు చెప్పి ఒప్పించవచ్చు. తెలిసీ తల తిప్పుకునే ఆమెకు ఏం చెప్పను అని పళ్లు కొరుక్కుంటూ వెళ్లాడు.

మూడవనాడు ఫిరంగులతో మరి రెండు ఓడలు వచ్చాయి. సరుకు దించుకోవడానికని మంత్రి సముద్రద్వారం తెరిపించాడు. దిగింది మూడువందల మంది సిపాయిలు. నడివీధిలో దొర మాటలు తెలుగులో చెప్పే దుబాసీ కాగితం చదివాడు: "యాభై మూడు రోజులుగా మా జెండా ఎవరి అభ్యంతరమూ లేకుండా ఎగిరినందున, ఈ కోట మా రాజుగారి సొత్తు."

"నేను చెప్పాను అభ్యంతరం!" సింగమనాయకుడు జనాన్ని తోసుకొచ్చాడు. "కొలువంతా విన్నది!"

"కాగితం మీద లేదు కదా, నాయకా," అన్నాడు దుబాసీ నిదానంగా.

ఒళ్లు మండిపోయింది నాయకునికి. పడవల వడ్రంగి చేతిలోని గొడ్డలి లాక్కుని బురుజెక్కాడు. తుపాకులు పేలుతుండగానే నాలుగు వేట్లు వేశాడు. అయిదో వేటుకు జెండాకొయ్య విరిగి సముద్రంలో పడింది. అతడు దాని వెనకే ఒరిగాడు.

రాణి చెప్పులైనా లేకుండా అంతఃపురం నుంచి పరుగెత్తుకొచ్చింది. దుబాసీ చేతికి కలమిచ్చి అరిచింది. "రాయరా! నీలిగట్టు అభ్యంతరం చెప్పిందని రాయి! నెత్తురుతో చెప్పిందని రాయి!"

దుబాసీ దొర ముఖం చూశాడు. దొర చెప్పిందే రాశాడు: ఒక తిరుగుబాటుదారు కాల్చివేయబడెను.

జాము తిరక్కముందే కొత్త కొయ్య లేచింది. కేతనామాత్యునికి పాలన దక్కిందనుకునేరు. దుబాసీ పక్కన ముక్కాలిపీట దక్కింది. కోట తమకు సంక్రమించిన దినంగా ఆ దొరలు నెత్తురు చిందిన రోజును రాసుకోలేదు. రాణి తన చేత్తో తాంబూలమిచ్చి, వారి జెండా ఎగరేయించిన రోజును రాసుకున్నారు: వాళ్ల క్రీస్తుశకం లెక్కలో పదిహేడువందల యాభై, డిసెంబరు పద్నాలుగు.