అందించిన మాట

ఏడో తరగతి గదిలో బల్లలన్నీ గోడవారకు జరిగి ఉన్నాయి. పిల్లలంతా కళ్ళు మూసుకుని నేల మీద పడుకుని ఉన్నారు. లెక్కల మాస్టారు చేతిలో డస్టరుతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమైంది వీళ్ళకి?"

"ష్! ఊరు నిద్రపోతోందండీ," అంది పిల్లల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్న అమ్మాయి, గొంతు బాగా తగ్గించి. "చెప్పులు అక్కడ విప్పి మెల్లగా రండి. లేకపోతే లేచిపోతుంది."

"ఇది నా పీరియడ్!"

ఊరు లేచింది. పకపకా నవ్వుతూ మరీ లేచింది. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె కొత్త డ్రామా టీచరు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి నటన నేర్పి, వార్షికోత్సవానికి ఒక నాటిక వేయించడానికి వచ్చింది. ఆ పీరియడ్ ఆమెకిచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు, ఆ సంగతి ఇతనికి చెప్పడం మాత్రం మర్చిపోయారు.

"పరీక్షల్లో క.సా.గు. అడుగుతారు గానీ నిద్రపోవడం అడగరండీ," అన్నాడు మాస్టారు ఉక్రోషంగా.

"మీ క్లాసులో నోరు మూసుకుంటారు, నా క్లాసులో తెరుస్తారు. పిల్లల నోటికి రెండూ కావాలి కదండీ."

ఇద్దరూ మూతులు ముడుచుకుని హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని తీర్పు చెప్పేశారు. "పీరియడ్ అమ్మాయిదే. నువ్వు కూడా అక్కడే ఉండు నాయనా. నీ గొంతు ఖంగుమంటుంది. పిల్లలు డైలాగు మర్చిపోతే తెర పక్కనుంచి అందించు."

ఎవరికి ఏ పని ఇచ్చారో చూడండి! మన మాస్టారికి ఉన్న జబ్బే అది. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఊరుకుంటే అతనికి ఊపిరాడదు. "ఏడు ఎనిమిదులు?" అని అడుగుతాడు, పిల్లలు నోరు తెరిచేలోపే "యాభై ఆరు" అని తనే చెప్పేస్తాడు. "నీతో మాట్లాడ్డానికి నేనెందుకురా? నీకు నువ్వు చాలు," అని వాళ్ళక్క రోజూ దెప్పుతూనే ఉంటుంది.

మొదటి వారం అతను ఒక మూల కుర్చీలో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. రెండో వారంలో అద్దం ఆట వచ్చింది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి, ఒకరు ఏం చేస్తే రెండోవాళ్ళు అద్దంలా అదే చెయ్యాలి. ఆ రోజు ఒక పిల్లకి జ్వరం. డ్రామా టీచరుకి జోడీ లేకుండా పోయింది.

"మాస్టారూ, మీరు అద్దం," అంది డ్రామా టీచరు.

"నేనా? నాకివన్నీ రావండీ."

"అద్దానికి ఏం రావాలండీ? ఎదురుగా ఉన్నది చూపించాలి, అంతే. ఊఁ, కిందకి చూడకండి. అద్దం ఎక్కడైనా కిందకి చూస్తుందా?"

చూడక తప్పలేదు. ఆమె చెయ్యి ఎత్తితే ఎత్తాడు, తల వాల్చితే వాల్చాడు. ఆమె కళ్ళలో నవ్వు మొదలైంది. ఆ నవ్వు ఇతని ముఖం మీదకీ వచ్చేసింది, ఆట కోసం కాదు. వెనక పిల్లలు చెవులు కొరుక్కున్నారు. "మాస్టారికి చెమటలు పట్టాయే!" అని ఎవరో పైకే అనేశారు కూడా.

ఆ తర్వాత అతనికి కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. పిల్లలు వేళ్ళతో అరచేతుల మీద తట్టి వాన చప్పుడు చేస్తుంటే తనూ తట్టాడు. బయట నిజం వాన కురిసిన సాయంత్రాల్లో ఒకే గొడుగులో, ఆమె తన ఊరికి బస్సెక్కే స్టాపు దాకా నడిచారు. గొడుగు చిన్నది. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసేవి. మిగతా రెండు భుజాల మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఒకరోజు రిహార్సల్లో మాత్రం చీవాట్లు పడ్డాయి.

నాటికలో ఒక వర్తకుడు మబ్బును తాడుతో కట్టి తెచ్చి బేరం పెడతాడు. "చెప్పు పాపా, ఈ మబ్బు ఎవరిది?" అని గద్దిస్తాడు. పాప మబ్బు వైపు చూస్తూ కాసేపు ఊరుకుంటుంది. తర్వాత "ఎవరికి దాహం వేస్తే వాళ్ళది," అంటుంది. ఆ పాప వేషం ఆరో తరగతి పిల్లది. టిఫిన్ డబ్బా మూత తీయడానికే సగం విరామం పడుతుందని తోటిపిల్లలు దానికి 'నిదానం' అని పేరు పెట్టారు.

నిదానం ఊరుకుంది. మాస్టారు ఊరుకోలేకపోయాడు. "ఎవరికి దాహం వేస్తే..." అని తెర పక్కనుంచి ఖంగున అందించాడు. పిల్ల ఉలిక్కిపడి గబగబా అప్పజెప్పేసింది.

డ్రామా టీచరు పిల్లల్ని మంచినీళ్ళకి పంపేసి ఇతని మీదకి వచ్చింది. "ఎందుకు అందించారు?"

"మర్చిపోయిందనుకున్నానండీ, పాపం."

"మర్చిపోయిన ముఖం వేరు, ఆలోచిస్తున్న ముఖం వేరు. మర్చిపోతే కళ్ళు మీకోసం వెతుక్కుంటాయి. ఆలోచించేవాళ్ళకి మీరున్నారన్న ధ్యాసే ఉండదు. ఆ పిల్ల లోపల్నుంచి మాట తెచ్చుకుంటుంటే మీరు మధ్యలో లాగేసుకున్నారు."

అతను నాలుక కరుచుకున్నాడు. పాఠం మాత్రం నేర్చుకున్నాడు. వార్షికోత్సవం నాడు నిదానం ఊరుకున్నప్పుడు చేతిరుమాలు పళ్ళ మధ్య పెట్టుకుని తెర వెనక బిగుసుకుపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. పాప తలెత్తి మాట అనగానే చప్పట్లు మోగిపోయాయి. తెర అవతలి అంచు నుంచి డ్రామా టీచరు ఇతని వైపు చూసి రెండు చేతులూ జోడించి నవ్వింది.

ఆ సాయంత్రమే జరిగింది, జరగకూడనిది.

హాలు ఖాళీ అయింది. ఆమె వేషాల బట్టలు మడతపెడుతోంది, అతను కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు.

"హెడ్మిస్ట్రెస్ గారు వచ్చే ఏడు కూడా ఉండమంటున్నారండీ," అంది ఆమె. "వేరే ఊరి స్కూలు వాళ్ళూ రమ్మంటున్నారు. రేపు ఏదో ఒకటి చెప్పాలి."

మాస్టారు చేతిలో కుర్చీ కింద పెట్టేశాడు.

"ఉండిపోండి. స్కూలు కోసం కాదు. నాకోసం ఉండిపోండి."

ఆమె చెయ్యి మడతలో ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి, పెదవి మెల్లగా పంటితో నొక్కుకుని, అలా చూస్తూ ఉండిపోయింది. కళ్ళు ఇతనికోసం వెతుక్కోలేదు. పిల్లల విషయంలో తెలిసిన సంగతే, తన విషయంలోకి వచ్చేసరికి మన మాస్టారికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"అబ్బే, ఊరికే అన్నానండీ!" అని నవ్వాడు. "మీకు కుదరదని నాకు తెలీదా? అక్కడే బావుంటుంది మీకు. వెళ్ళండి, హాయిగా."

ఆమె ఇటు తిరిగింది. ఏదో అనబోయి, అతని నవ్వు చూసి మానేసింది.

"అలాగేనండీ," అంది.

వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. మాస్టారు తిండి మీద ధ్యాస లేకుండా తిరిగాడు. వాళ్ళక్క గుచ్చి గుచ్చి అడిగితే ఒకనాటికి బయటపడ్డాడు. ఆవిడ వింటూ వింటూ నెత్తి కొట్టుకుంది.

"అంటే నువ్వే అడిగి, నువ్వే కాదని చెప్పి, నువ్వే బస్సెక్కించేశావన్నమాట! ఆ పిల్ల నోరు తెరిచిందా అసలు?"

"లేదక్కా."

"మరి కాదందని ఎవరు చెప్పార్రా నీకు?"

ఆ రాత్రి డ్రామా టీచరు ముఖం మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాడు. అది కాదనే ముఖం కాదని, ఆలోచిస్తున్న ముఖమని అప్పటికి తెలిసింది. అయినా వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చి, చివరికి అక్క పోరు పడలేక ఏడాది తిరగబోతుండగా ఆ ఊరి బస్సెక్కాడు.

స్కూలు వరండాలోనే కనిపించింది. అట్టముక్కలతో పిల్లలకి కిరీటాలు కత్తిరిస్తోంది. ఇతన్ని చూసి కత్తెర జారవిడిచింది.

"మీరా! ఎంతకాలమైందండీ!"

"ఇటు పనిమీద వచ్చి..." అనబోయి, సిగ్గుపడి ఆగాడు. "లేదండీ. మీకోసమే వచ్చాను. ఆ రోజు ఊరికే అనలేదు. నాకు మీరంటే ప్రాణం. అది చెప్పాలనే వచ్చాను."

ఆమె ముఖంలో రంగు మారిపోయింది. చాలాసేపు కిరీటం అంచు సవరిస్తూ కూర్చుంది. ఈసారి అతను కదల్లేదు, మెదల్లేదు.

"వచ్చే నెల నా పెళ్ళండీ," అంది చివరికి. "ఆయన మంచివారు. నేను ఒప్పుకునే చేసుకుంటున్నాను."

అతను తలూపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే ముఖం తిప్పుకున్నాడు.

"మరి ఆ రోజు... మీరేం చెప్పబోయారు?"

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "చెప్పడానికేముందండీ? ఉండిపోదామని అప్పటికే అనుకున్నా. నాతో మా అమ్మ ఉంటుంది కదా, మెట్లెక్కలేదు. మీ ఊళ్ళో కింది వాటా ఎక్కడైనా అద్దెకి దొరుకుతుందా అని ఆలోచిస్తున్నా. అదే అడగబోయా. అంతలో మీరే వెళ్ళండన్నారు. నిజంగానే ఊరికే అన్నారనుకున్నా. ఇంటికెళ్ళి చాలా ఏడ్చానండీ."

లోపల క్లాసులో పిల్లలు గోల మొదలుపెట్టారు. "టీచర్, కిరీటం!" అని ఎవరో అరిచారు. ఆమె కళ్ళు తుడుచుకుని, కిరీటాలన్నీ ఒడిలోకి తీసుకుని లేచింది.

"మా ఎదురిల్లు," అన్నాడు మాస్టారు. "కింది వాటా. ఆ వేసవంతా ఖాళీగానే ఉందండీ."