ఎడమ చేత్తో

పొయ్యి మీద పెనం కాలుతుంటే నాగరాణి జొన్నరొట్టె కొడుతోంది. పిండిముద్ద ఆమె కుడి అరచేతి కింద గుండ్రంగా తిరుగుతూ పలచబడుతోంది. మేకల పాలు పితికి లోపలికి వస్తున్న బుగ్గమ్మ గుమ్మంలోనే ఆగి కూతురి మోచేతిని చూసింది. వాపు పోయింది. చేయి బాగానే ఆడుతోంది.

"రొట్టె కొట్టొస్తున్నది, బిందె ఎత్తొస్తున్నది. గింత మంచిగున్న చెయ్యికి ఆపరేషన్ జేపిచ్చుకుంటనంటవేందే?" అంది.

"రొట్టెకైతే సరిపోతదమ్మా. జావెలిన్‌కు సరిపోదు," అంది నాగరాణి తలెత్తకుండా.

పెద్దేముల్ దగ్గరి పల్లె వాళ్లది. తండ్రి దేవప్పకు మేకలూ గొర్రెలూ, కాస్త కంది చేనూ ఉన్నాయి. నాగరాణి తాండూరులో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఆటలు నేర్పే బాల్‌రాజ్ సార్ ఆమె చేతికి జావెలిన్, అంటే పోటీల్లో విసిరే ఈటె, ఇచ్చాడు. జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలకు సాధన చేస్తుండగా ఒక విసురులో మోచేతి లోపల పుటుక్కుమంది. ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంటు తెగిందని వికారాబాద్‌లో డాక్టర్ చెప్పాడు.

"ఇంటి పనికీ, చేను పనికీ ఈ చేయి చాలమ్మా. ఆపరేషన్ లేకుండానే గడిచిపోతుంది," అన్నాడాయన బుగ్గమ్మతో. "మళ్లీ విసరాలంటే మాత్రం ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి, తెగిన లిగమెంటుకు బదులుగా అమర్చాలి. ఏడాది ఓపిక పట్టాలి. మునుపటి బలం తప్పకుండా వస్తుందని మాటివ్వలేను."

బుగ్గమ్మ చెవిలో ఆ మొదటి మాటే నిలిచిపోయింది.

పొయ్యి పక్కన కూర్చున్న దేవప్ప రొట్టె తుంచుతూ మెల్లగా అన్నాడు. "పొల్ల అంతగనం అడుగుతున్నది. చేపిద్దం తియ్యి."

"రేపు వేళ్లు పనిజెయ్యకుంటే నువ్వు ఉతుకుతవా దాని బట్టలు?" బుగ్గమ్మ గొంతు లేచింది. "అంత జేసి ఏం ఒరుగుతది? కట్టె ఇసురుడు, ఉరికి తెచ్చుకునుడు. గిదొక పనా?"

నాగరాణి చేతులు ఆగిపోయాయి. పెనం మీద రొట్టె మాడి పొగ లేచింది. దాన్ని తీసి పక్కన పెట్టింది.

"సరే అమ్మా. వద్దు తియ్యి," అంది.

ఏడవలేదు, విసుక్కోలేదు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కాలేజీకి పోయి వస్తోంది, పనంతా చేస్తోంది, తండ్రితో నవ్వుతూ మాట్లాడుతోంది. తన మాటే నెగ్గినా బుగ్గమ్మకు ముద్ద దిగడం లేదు.

దేవప్ప సంతకు పోయిన రోజు మేకల వెంట బుగ్గమ్మే వెళ్లింది. మధ్యాహ్నం మంద కంది చేను దాటి బీడులోకి మళ్లేసరికి, అక్కడ నాగరాణి కనిపించింది. సార్ ఇచ్చిన పాత జావెలిన్ పట్టుకొని పరుగెత్తుతోంది. పట్టింది ఎడమ చేత్తో.

కాళ్లకు పని తెలుసు, చేతికి తెలియదు. జావెలిన్ అడ్డంగా ఊగి దగ్గర్లోనే పడింది. వెళ్లి తెచ్చుకుంది. మళ్లీ పరుగెత్తింది, మళ్లీ అక్కడే పడింది. పెదవిని పంటి కింద నొక్కిపట్టి, చూపు ముందుకు నిలిపి ఉంది. పసిపిల్లగా తొలిసారి లేచి నిలబడినప్పుడు పెట్టిన మొహమే అది. బుగ్గమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఎడమ చేత్తోని పోతదా బిడ్డా?" అని అడిగింది చివరికి.

నాగరాణి ఉలిక్కిపడి తిరిగింది. "పోదమ్మా."

"మరెందుకే?"

"కుడి చెయ్యికి వద్దన్నవు గదా. ఇడిసిపెడదమంటే నాతోని అయితలేదు."

బుగ్గమ్మ గట్టు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోతకు భయపడ్డనని అందరికి చెప్పిన. అబద్ధం," అంది. "చెయ్యి బాగైతే పట్నంల హాస్టలంటవు, పోటీలంటవు, ఇగ నాకు దొరకవు. గీ చెయ్యి ఇంటి పనికి సాలుతదని డాక్టర్ అనంగనే నాకు లోపల సంబరమైంది. బిడ్డ చెయ్యి కరాబైతే సంబరపడ్డ తల్లినే నేను!"

నాగరాణి వచ్చి పక్కన కూర్చుంది. మేకలు కంది చేను వైపు పోతున్నా ఇద్దరూ లేవలేదు.

"పోతే మళ్ల రానా అమ్మా?"

"వస్తవు. రాకున్నా..." బుగ్గమ్మ ముక్కు తుడుచుకుంది. "పోయేటప్పుడు పోవాలె గదా. రేపే మీ నాయినతోని వికారాబాద్ పోదం."

ఆపరేషన్ రోజు దేవప్ప ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. బుగ్గమ్మ మాత్రం తలుపుకు ఎదురుగా కదలకుండా కూర్చుంది. ఆపరేషన్ ముగిసి నాగరాణిని గదిలో మంచం మీదికి చేర్చాక డాక్టర్ వచ్చి కట్టు చూశాడు.

"చిటికెన వేలు కదిలించు తల్లీ. దాని నరం మోచేతి పక్కనుంచే పోతుంది, ఒకసారి చూడాలి."

తెల్లటి కట్టు చివర వేలు కొద్దిగా వంగింది, మళ్లీ చాచుకుంది. డాక్టర్ తల ఊపి వెళ్లిపోయాడు. బుగ్గమ్మ గోడకు ఆనుకొని గట్టిగా ఏడ్చేసింది.

"భయమైందా అమ్మా?" మత్తులోనే అడిగింది నాగరాణి.

"అయింది. ఇప్పటికి గూడ అయితున్నది."

"మరి?"

"అయితే అయితది. నువ్వు పండుకో బిడ్డా," అంది బుగ్గమ్మ.

కూతురు నిద్రపోయేదాకా ఆ చిటికెన వేలిని తన వేళ్ల మధ్య పట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా వదిలింది.