మింగిన చప్పుడు

తార్నాకలో మా ఇంటి నుంచి ఆ పాత మెస్ హాలుకు నడిచి వెళ్ళొచ్చు. మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటి, యూనివర్సిటీ గేటులోకి తిరిగి, చెట్ల నీడ పట్టుకుని పోతే చాలు. చిన్నప్పుడు నాన్నతో పొద్దున్నే నడకకు వెళ్ళిన దారే. ఉద్యోగంలో చేరాక ఒడిశాలో తుఫాను శిబిరాలు చూశాను, అస్సాంలో వరద శిబిరాలు చూశాను. తిండి లేక చిక్కిపోయిన పసిపిల్లల్ని మళ్ళీ నిలబెట్టడం నా పని. ఆ పని ఒకనాడు మా సందు చివరికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ ఏడు మూసీ పొంగింది. అంబర్‌పేట్ దిగువన, ఏటి ఒడ్డు బస్తీల్లో నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. స్కూళ్ళూ ఫంక్షన్ హాళ్ళూ నిండిపోయాక, మిగిలిన కుటుంబాలను లారీల్లో తెచ్చి క్యాంపస్‌లో ఎన్నో ఏళ్ళుగా తాళం వేసి ఉన్న హాస్టల్ మెస్‌లో దించారు. పొడవాటి హాలు. షాబాద్ బండల నేల. ఒక చివర వంటగది, దానికీ హాలుకూ మధ్య వడ్డించే కిటికీ. ఎంత కడిగినా గంజి మాడిన వాసన పోయేది కాదు. పాత మెస్ కదా, గోడలకు పట్టేసి ఉంటుందిలే అనుకున్నాం.

నాతోపాటు స్వరూప ఉండేది. విద్యానగర్ పిల్ల, నర్సు, గట్టి మనిషి. పిల్లల జబ్బలకు మేం ఒక రంగుల టేపు చుట్టి కొలుస్తాం. ఆకుపచ్చ దగ్గర ఆగితే పిల్ల బాగున్నట్టు. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే ప్రాణం మీదికి వచ్చినట్టు. పసుపు, ఎరుపు పిల్లలకు పల్లీలతో చేసిన మెత్తటి ముద్ద ప్యాకెట్లలో ఇస్తాం. మరీ నీరసించిన వాళ్ళకు ప్రత్యేకమైన పాలు, అదీ కొంచెం కొంచెంగా. బాగా ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే గుండె తట్టుకోలేదు. కొత్తగా చేరిన వాళ్ళకు నేను మొదట చెప్పే మాట అదే.

ఆ ముద్ద తిన్న పిల్లలు వారం తిరిగేసరికి తేరుకోవాలి. అదివరకు ప్రతిచోటా తేరుకున్నారు. ఇక్కడ మాత్రం పసుపులో ఉన్న పిల్లలు ఎరుపులోకి జారడం మొదలైంది.

భూదేవి అనే ఆమె కూతురు అఖిల అందరికంటే ముందు జారింది. రెండేళ్ళు నిండని పిల్ల. విరేచనాలు లేవు, జ్వరం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ బరువు పెరిగింది కూడా. వరద జ్వరాలతో అక్కడ మంచాలు చాలక వెనక్కి పంపారు. హాలుకు వచ్చిందో లేదో మళ్ళీ కళ్ళు లోతుకు పోయాయి.

శిబిరం బాధ్యత చూసే నరహరిగారు సంగతి తేల్చేశారు. "తల్లులు ప్యాకెట్లు అమ్ముకుంటున్నరమ్మా. లేకుంటే వాళ్ళే తింటున్నరు. గీ పంపకం బంద్ చేద్దాం. మామూలు అన్నం పెడితే చాలు."

"పంపకం ఆపితే ఈ పిల్లలు బతకరు సార్."

"మరి తింటే ఎందుకు పెరుగుతలేరు?"

"అది తెలుసుకోవడం నా పని. ఈ తల్లులు దొంగలు కారు. ఆ మాట ఇంకోసారి వాళ్ళ ముందు అనకండి."

ఆయన ముఖం ఎర్రబడింది. రెండు రోజులు చూస్తానన్నారు.

ఆ మధ్యాహ్నం భూదేవి నన్ను వరండాలోకి పిలిచింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది. "మేడం, నన్ను పిచ్చిదాన్ననుకోకు. పాప తింటలేదు."

"నువ్వు పెడుతుంటే నేనే చూశాను కదమ్మా."

"నేను పెడుతున్న. నోరు తెరుస్తది. ముద్ద లోపలికి పోతది. గానీ..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మింగిన చప్పుడు పాప దగ్గర వస్తలేదు మేడం. నా ఎన్క నుంచి వస్తున్నది."

నేను నవ్వలేదు. ఆకలి దగ్గర పనిచేసే వాళ్ళు తల్లుల మాట తీసిపారేయకూడదు.

"ఎప్పుడు?"

"పొద్దుగూకంగనే. అందరికీ ఇంతే. ఎవ్వరు చెప్తలేరు. చెప్తే ఈడికెల్లి కూడా ఎల్లగొడ్తరని భయం."

ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ పేరు ప్రమీల, చర్చి స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మజ్జిగ పోస్తున్నది ఆగిపోయింది. "ఆ చోటు మంచిది కాదు రెబెకా. ఇవాళ వెళ్ళకు."

"నేను ఇంట్లో కూర్చుంటాను సరే. పిల్లల్ని ఎక్కడ పెట్టమంటావమ్మా?"

అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. నా తలమీద చెయ్యి పెట్టి మౌనంగా ప్రార్థన చేసింది. నేను కళ్ళు మూసుకోలేదు. నాకప్పటికే కోపం మొదలైంది.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. చెట్ల వెనక నెమళ్ళు అరిచి అరిచి ఒక్కసారిగా ఆగిపోయాయి. వాన అందుకుంది, కరెంటు పోయింది. హాల్లో చీకటి మూల నుంచి మూలకు నీళ్ళలా పరుచుకుంది. అక్కడక్కడా ఫోన్ల వెలుతురు. తడి బట్టల వాసన, పసిపిల్లల పాల వాసన. వాటి కింద నుంచి మెల్లగా, గంజి మాడిన వాసన పైకి లేస్తోంది.

అఖిలను నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. స్వరూప పక్కన ఫోన్ పట్టుకుంది. భూదేవి నా మోకాలు ఆనుకుని కూర్చుంది.

ప్యాకెట్ చింపి, వేలిమీద కొంచెం ముద్ద తీసి పాప నోట్లో పెట్టాను. చప్పరించింది. ఇంకో చేత్తో గొంతు మీద వేలు ఆనించాను.

గొంతు కదల్లేదు.

గుటక్.

నా వెనక నుంచి. నా కుడి చెవికి దగ్గరగా.

నేను పాప నోరు తెరిచి చూశాను. నోరు ఖాళీ. నాలుక పొడిగా, తెల్లగా ఉంది. మళ్ళీ కొంచెం పెట్టాను. వేలు గొంతు మీదే ఉంచాను. మళ్ళీ...

గుటక్.

ఈసారి ఊపిరి కూడా తగిలింది. చల్లగా లేదు. జ్వరం వచ్చిన మనిషి ఊపిరిలా వేడిగా ఉంది.

"అక్కా, పోదాం పా," స్వరూప గుసగుసలాడింది. మేడం అనడం మరిచిపోయింది.

"లైటు వెనక్కి తిప్పు."

తిప్పింది. వడ్డించే కిటికీ, మూసిన రేకు తలుపు, సున్నం రాలిన గోడ. ఎవ్వరూ లేరు. నా ఒళ్ళో పాప మాత్రం అటే చూస్తోంది. హాల్లో పిల్లలందరూ... ఒక్కొక్కరూ ఎక్కడ ఉన్నవాళ్ళు అక్కడి నుంచే... మెడలు తిప్పి అటే చూస్తున్నారు. ఎవరూ ఏడవడం లేదు. నోళ్ళు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

నా కాళ్ళు లేచి పరుగెత్తమన్నాయి. నిజం. కానీ ఒళ్ళో ఉన్న పిల్ల బరువు తెలుస్తోంది నాకు. ఆ బరువు బరువే కాదు. వెదురుబుట్ట పట్టుకున్నట్టుంది. ఈ కాస్త కండ కూడా ఎవరో తినిపోతున్నారు, నా కళ్ళముందే, నా చేతి ముద్దే. భయం ఉన్నచోటే కోపం కూడా లేచింది, దాన్ని పక్కకు నెట్టింది.

"లైటు ఆపు," అన్నాను.

"అక్కా..."

"ఆపు స్వరూపా. వెలుతురులో ఎదుటికి రాదు."

చీకటైంది. పాపను తల్లి ఒళ్ళోకి మార్చి, వెనక్కి తిరిగి కూర్చున్నాను.

"ఎవరు?"

వాన చప్పుడు.

"ఎవరైనా సరే. పసిపిల్లల నోటి దగ్గరిది లాక్కుంటారా? ముందుకు రా. వచ్చి నా ఎదురుగా కూర్చో."

వాసన దగ్గరైంది. బండల మీద ఏదో ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది. కాసేపటికి ఒక మాట వినబడింది. గొంతు ఎండిపోయిన ఆడమనిషి మాట.

"ఆకలి..."

నాకు తెలిసిన పని ఒక్కటే. మెడలో వేలాడే టేపు తీశాను. "చెయ్యి ఇవ్వు."

చీకట్లో ఏదో వచ్చి నా అరచేతిలో ఆనింది. తేలిగ్గా ఉంది. ఎండుటాకు కంటే కొంచెం బరువు, అంతే. తడుముకుంటూ జబ్బ దగ్గరకు పోయి టేపు చుట్టి లాగాను. పెద్దవాళ్ళ చెయ్యి అది, కచ్చితంగా. టేపు మాత్రం పసుపు దాటింది. వేళ్ళతోనే తెలుస్తోంది. ఎరుపు దాటింది. అంకెలు అయిపోయాయి. ఎముక దగ్గర ఆగాలి కదా... ఆగలేదు. ఇంకా బిగుస్తోంది. ఇంకా... చివరికి టేపు ముడి నా వేళ్ళమధ్య ఖాళీగా బిగుసుకుంది. జబ్బ మాత్రం దాని లోపలే ఉంది. వేడిగా, నాడి లేకుండా.

అయినా మాట ఆపలేదు. ఆపితే మళ్ళీ ఎత్తలేనని తెలుసు.

"స్వరూపా, పాలు కలుపు. చిన్న గ్లాసు."

ఆ అమ్మాయి ఆ చీకట్లో లేచి వెళ్ళింది. పొడి డబ్బా మూత చప్పుడైంది, చెంచా గ్లాసుకు తగిలింది. ఆమె ధైర్యం గురించి ఎవరూ ఎక్కడా రాయరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

గ్లాసు బండమీద పెట్టి ముందుకు జరిపాను. "ఇది నీది. కొంచెమే ఇస్తా. ఎక్కువ పెడితే ప్రాణం..." అని నాలుక కరుచుకున్నాను. "రేపు కూడా పెడతా. ఎల్లుండి కూడా. నీ వంతు నీకు ఉంటుంది. కానీ నా పిల్లల నోటి జోలికి వస్తే, నీకు నీళ్ళచుక్క కూడా ఇవ్వను. విన్నావా?"

గ్లాసు బండమీద గీసుకుంది. తర్వాత గుటకలు. ఆబగా కాదు. చాలా మెల్లగా, ఒక్కొక్క గుటకనూ దాచుకుంటున్నట్టు.

నా వెనక భూదేవి ఏడ్చింది. "మేడం... పాప మింగుతున్నది. నా చేతికి తెలుస్తున్నది. మింగుతున్నది."

కరెంటు వచ్చాక చూస్తే గ్లాసు ఖాళీ. లోపల తడి లేదు. అడుగున దుమ్ము పేరుకుని ఉంది, ఎప్పటినుంచో ఎవరూ ముట్టనట్టు.

అప్పటి నుంచి పొద్దుగూకగానే ఆ కిటికీ కింద ఒక గ్లాసు పెట్టాం. పిల్లలు తేరుకోవడం మొదలైంది. అఖిల ముందు ఏడవడం నేర్చుకుంది. చిక్కిన పిల్లలకు ఏడవడానికి కూడా ఓపిక ఉండదు, ఆ ఏడుపు వింటే మాకు పండగ. తర్వాత పోట్లాడటం, తర్వాత నా మెడలో టేపు లాగడం.

నరహరిగారికి గ్లాసు సంగతి ఎవరో చేరవేశారు. ఒక సాయంత్రం వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"పిల్లల పాలు దయ్యాలకు పోస్తున్నరట. చదువుకున్నోళ్ళేనా మీరు?"

"పిల్లలు పెరుగుతున్నారు సార్. టేపు మీరే చుట్టి చూడండి."

"గ్లాసు తీసెయ్యండి. నేనున్నంతసేపు పెట్టొద్దు. చూద్దాం ఏమైతదో."

"తీస్తాను. ఏమైనా అయితే మీ మీదే అవుతుంది, పిల్లల మీద కాదు. సరేనా?" గ్లాసు తీసి కిటికీ అరుగు మీద బోర్లించాను. పైకి ఎవరికో వినబడేలా అన్నాను, "ఈయన తాగేది ఈయనది. అది తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు."

స్వరూప ఆయనకు టీ తెచ్చి ఇచ్చింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, బయట ఇంకా మసక వెలుతురు ఉంది. ఆయన నవ్వుతూ గ్లాసెత్తి ఒక గుక్క తాగారు.

గుటక్... అన్నది ఆయన భుజం వెనక.

ఆయన నవ్వు ఆగింది. గొంతు తడుముకున్నారు. ఇంకో గుక్క తీసుకున్నారు, ఈసారి నవ్వకుండా. మళ్ళీ అదే. టీ గ్లాసు కింద పెట్టి, కాసేపు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. లేచేటప్పుడు నా వైపు చూడలేదు. మర్నాడు పాలపొడి కొత్త పెట్టెలు వచ్చాయి. పంపకం ఆపే మాట మళ్ళీ ఎత్తలేదు.

నీళ్ళు తీశాయి. బస్తీల్లో బురద ఎత్తారు. ఒక్కో కుటుంబం ఆటోల్లో మూటలు సర్దుకుని వెళ్ళిపోయింది. భూదేవి చివరి వాళ్ళలో ఒకతి. వెళ్ళేముందు అఖిల జబ్బకు టేపు చుట్టాను. ఆకుపచ్చ. భూదేవి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం హాల్లో నేనూ స్వరూపా మిగిలాం. మర్నాటికి తాళం వేస్తారు. మేం వెళ్ళిపోవచ్చు, ఎవరూ అడగరు. కానీ మాటంటే మాటే. పాలు కలిపి కిటికీ కింద పెట్టాం. లైట్లు మేమే ఆర్పాం.

మెల్లగా గుటకలు. గ్లాసు ఖాళీ అయినట్టు అలికిడి.

"రేపట్నుంచి ఇక్కడ ఎవరూ ఉండరు," అన్నాను. "నేనే వచ్చి పెడతా. కిటికీ ఊచల్లోంచి ఇస్తా. నీ వంతు ఆపను."

బయట మెట్రో రైలు పోయిన చప్పుడు సన్నగా వినబడి ఆగింది. అప్పుడు ఆ ఎండిన గొంతు, మునుపటికంటే కొంచెం బలంగా...

"వాళ్ళకు?"

నా పక్కన స్వరూప నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరికి?" అన్నాను.

బదులుగా, బండల మీద ఒక స్టీలు పళ్ళెం పెట్టిన చప్పుడు. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. వరసగా, తొందర లేకుండా, పంక్తిలో కూర్చున్న వాళ్ళు ఎవరి పళ్ళెం వాళ్ళు పెట్టుకున్నట్టు. ఆ హాల్లో మా సామానులో ఒక్క పళ్ళెం లేదు, పొద్దున్నే అన్నీ లారీ ఎక్కాయి. చప్పుడు హాలు చివరి దాకా వెళ్ళింది. గోడ దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గోడ దాటి, వరండా దాటి, చెట్ల కిందికి, విద్యానగర్ వైపు... ఇంకా దూరం... పళ్ళెం తర్వాత పళ్ళెం.

స్వరూప చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. నా చెయ్యి కూడా అంతే చల్లగా ఉండి ఉంటుంది.

"పొడి ఎంతున్నది?" అడిగాను.

"ఒక్క డబ్బా," అంది స్వరూప. "గంతే అక్కా."

"సరే. నీళ్ళు పెట్టు."

పొయ్యి వెలిగింది. నీళ్ళు కాగడం మొదలైంది. పళ్ళేల చప్పుడు మాత్రం ఇంకా దూరంగా, ఇంకా దూరంగా వినబడుతూనే ఉంది.